జుట్టు మాత్ర సరే, పడగ్గది సంగతేంటి? ఫినాస్టరైడ్ 1 ఎంజీ రివ్యూ

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్యే జుట్టు క్లినిక్కుల బోర్డులూ కనిపిస్తాయి. ఉద్యోగం కోసం చదివే వయసూ, నుదురు వెనక్కి జరిగే వయసూ ఒకటే కాబట్టి బేరం అక్కడ బాగానే సాగుతుంది. లోపలికి వెళ్తే పీఆర్‌పీ (మన రక్తంలోంచే తీసిన ద్రవాన్ని తలకి ఎక్కించడం) అంటారు, లేజర్ అంటారు, ఆరు సిట్టింగుల ప్యాకేజీ అంటారు. బయటికొచ్చాక చీటీలో తరచూ కనిపించే మాత్ర మాత్రం ఒకటే: ఫినాస్టరైడ్ 1 ఎంజీ. సిప్లా వాళ్ల ఫిన్‌పీసియా, మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ఫినాక్స్, ఇంకా బోలెడు పేర్లున్నాయి. ఏ పేరుతో కొన్నా లోపలి మందు అదే.

ఈ రివ్యూ ఆ మాత్ర గురించి, దాని తమ్ముడు లోషన్ గురించి, అన్న డ్యూటాస్టరైడ్ గురించి. అంతకన్నా ఎక్కువగా, ఊళ్లో వీటిని అమ్మే తీరు గురించి. ముందే చెప్పేస్తున్నాం: మందు మంచిదే, పనిచేస్తుంది. మగతనం మీద పడే దుష్ఫలితాలు తక్కువ మందికే వస్తాయి, కానీ వచ్చినవాళ్లకి నిజంగానే వస్తాయి. అమ్మేవాళ్లలో చాలామంది ఆ రెండో మాట చెప్పరు. అడిగితే నవ్వి, "అదంతా మైండ్‌లో ఉంటుంది సార్" అనేస్తారు. మా ఫిర్యాదంతా దాని మీదే.

హాస్టల్ బోరు నీళ్ల వల్లే బట్టతల వచ్చిందనుకునేవాళ్లకి ముందు ఒక మాట. ఉప్పునీళ్లకి వెంట్రుక పెళుసవుతుంది, మధ్యలో విరుగుతుంది. కణతల దగ్గర లోపలికి తినేయడం, నడినెత్తిన రూపాయి బిళ్లంత పలచబడి అది పళ్లెమంత కావడం మాత్రం నీళ్ల పని కాదు. అది డీహెచ్‌టీ అనే హార్మోను పని. టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీగా మార్చేది 5-ఆల్ఫా రిడక్టేస్ అనే ఎంజైమ్. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపించిన కుటుంబాల గురించి 1974లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ మగవాళ్లకి పెద్దయ్యాక ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చిన్నగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమ్‌ని మందుతో ఆపితే ఏమవుతుందన్న ఆలోచన అక్కణ్నుంచి వచ్చిందే. మెర్క్ కంపెనీ తెచ్చిన ఫినాస్టరైడ్‌కి అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపు కోసం 5 ఎంజీగా, 1997లో జుట్టు కోసం 1 ఎంజీగా అనుమతి దొరికింది.

దుష్ఫలితాల మూలం కూడా ఇక్కడే ఉంది. ఆ ఎంజైమ్ వెంట్రుక కుదుళ్లలోనే కాదు, ప్రోస్టేట్‌లోనూ వీర్యకోశాల్లోనూ ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో మెయిన్ వాల్వు తిప్పితే టెర్రస్ కుళాయికే కాదు, గ్రౌండ్ ఫ్లోర్‌కీ నీళ్లు తగ్గుతాయి. మాత్ర మింగితే రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం పడిపోతుంది. తలకి మాత్రమే వెళ్లి ఆగే మాత్ర ఇంకా రాలేదు.

పనితనం దగ్గర పెద్దగా వంక పెట్టలేం. 5 ఏళ్ల పాటు ఫొటోలు తీసి పోల్చిన పరీక్షల్లో ఈ మాత్ర వాడినవాళ్లలో 48 శాతం మందికి జుట్టు మెరుగుపడింది, 42 శాతం మందికి ఉన్నది నిలిచింది, 10 శాతం మందికి ఇంకా పోయింది. పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉత్త మాత్ర మింగినవాళ్లలో 75 శాతం మందికి పోయింది. నడినెత్తిన బాగా పనిచేస్తుంది, కణతల దగ్గర అంతగా కాదు. ఏమైనా తెలియాలంటే కనీసం 3 నెలలు, సరిగ్గా తేలాలంటే ఏడాది. ఆపేస్తే 12 నెలల్లోపు వచ్చిన లాభమంతా వెనక్కి పోతుంది. అంటే పెళ్లిచూపుల కోసం మూణ్నెల్లు వాడి ఆపేసే మందు కాదిది. ఏళ్ల తరబడి వాడాల్సింది కాబట్టే నడుము కింది సంగతి ముందే తేల్చుకోవాలి.

అనుమతికి ముందు జరిగిన ఏడాది పరీక్షల లెక్కలు ఇవి. కోరిక తగ్గినవాళ్లు మందు గుంపులో 1.8 శాతం, ఉత్త మాత్ర గుంపులో 1.3. అంగస్తంభన ఇబ్బంది 1.3, ఉత్త మాత్రకి 0.7. స్ఖలనం తేడాలు 1.2, అటు 0.7. ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు మొత్తం 3.8 శాతం, అటు 2.1. క్లినిక్కులో "రెండు శాతమే సార్" అనడానికి ఆధారం ఇదే. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ పరీక్షల్లో ఉన్నవాళ్లు 18 నుంచి 41 ఏళ్ల ఆరోగ్యవంతులు. షుగరు, బీపీ, పొగ, రోజూ పెగ్గు, రాత్రి షిఫ్టు ఉన్న 45 ఏళ్ల మనిషికి అదే అంకె అప్పజెప్పడం కుదరదు. ఐదో ఏడాదికి ఈ ఇబ్బందులు ఒక్కోటి 0.3 శాతానికి తగ్గాయని కూడా అమెరికా లేబుల్ (మందుతో కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) మీద ఉంటుంది. ఇబ్బంది పడ్డవాళ్లు ముందే మానేసి వెళ్లిపోతే మిగిలినవాళ్లలో శాతం తగ్గదా మరి?

ఇక అసలు విషయం. శరీరంలో ఏం మారుతుంది, ఏది భయపడాల్సింది, ఏది కాదు.

ఎక్కువ మంది మొదట గమనించేది వీర్యం. పరిమాణం తగ్గుతుంది, పల్చగా నీళ్లలా అనిపిస్తుంది. వీర్యంలో శుక్రకణాల వాటా చాలా తక్కువ, మిగతాదంతా వీర్యకోశాలు, ప్రోస్టేట్ ఊరించే ద్రవమే. ఆ రెండూ డీహెచ్‌టీ మీద బతికేవి. అందుకే మందు వాడితే ఊట కాస్త తగ్గడం దాని పనిలో భాగమే. 1 ఎంజీతో 48 వారాలు చూసినప్పుడు సగటు తగ్గుదల 0.3 ఎం.ఎల్., ఉత్త మాత్రతో 0.2 ఎం.ఎల్. అంటే చాలామందికి చెంచాలో చుక్క తేడా. ఇదొక్కటే అయితే, గట్టిదనం, కోరిక మామూలుగా ఉంటే, కంగారు పడక్కర్లేదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ల సంగతి మాత్రం వేరు, దానికి కింద వస్తాం.

రెండోది అంగస్తంభన. ఇక్కడ నమ్మదగిన గుర్తు పడగ్గది కాదు, పొద్దున. నిద్రలేచేసరికి అంగం గట్టిగా ఉండటం వారంలో ఎన్ని రోజులన్నది లెక్క. వారానికి ఐదు రోజులుండేది ఒకటికి పడిపోయి, మూడు వారాలు అలాగే ఉంటే శరీరంలో ఏదో మారిందని అనుమానించాలి. పొద్దున బాగానే ఉండి, భార్య దగ్గరే తడబడుతుంటే అక్కడ భయం పాత్ర ఎక్కువ. ఇది నూటికి నూరుపాళ్లు తేల్చే పరీక్ష కాదు, కానీ ఖర్చు లేనిది. గట్టిపడి మధ్యలో మెత్తబడటం, ఎక్కువ ప్రేరణ కావాల్సి రావడం కూడా ఇందులోకే వస్తాయి.

మూడోది స్పర్శ. శిశ్నం మొద్దుబారినట్టు, రబ్బరు తొడుగు మీదనుంచి తాకినట్టు అనిపించడం. భావప్రాప్తి వచ్చినా చప్పగా ఉండటం. పరీక్షల పట్టికల్లో ఇది కనిపించదు, మందు వాడినవాళ్లు తర్వాత చెప్పిన ఫిర్యాదుల్లో మాత్రం పదే పదే వస్తుంది. వీర్యం తగ్గడానికి చెప్పినంత సూటిగా దీనికి కారణం చెప్పలేం. మెదడులో, నరాల్లో పనిచేసే కొన్ని స్టిరాయిడ్లు తయారవ్వడానికి కూడా ఇదే రకం ఎంజైమ్ కావాలి. అవి తగ్గడం వల్ల కావచ్చన్నది ఒక వాదన, ఇంకా రుజువు కాలేదు. మా లెక్కలో మొద్దుబారడం "చూద్దాంలే" అనే కోవలోకి రాదు. కనిపించిన రోజే మాత్ర ఆపాలి.

వృషణాల్లో సలుపు, లాగినట్టు నొప్పి కూడా వస్తుందని లేబుల్లోనే ఉంది. ఒక్కసారిగా ఒకవైపు భరించలేని నొప్పి వస్తే మాత్రం దాన్ని మందు మీదికి తోసి ఇంట్లో కూర్చోవద్దు. వృషణం మెలిపడినా అలాగే ఉంటుంది, దానికి గంటల్లో ఆపరేషన్ జరగాలి. నేరుగా ఎమర్జెన్సీకే.

రొమ్ము గురించి సిగ్గుపడి చెప్పనివాళ్లే ఎక్కువ. మందు వల్ల టెస్టోస్టిరాన్ డీహెచ్‌టీగా మారడం తగ్గి, కొంత ఈస్ట్రోజన్ వైపు మళ్లుతుంది. వెల్లకిలా పడుకుని చనుమొన కింద రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే, కొవ్వయితే మెత్తగా అటూ ఇటూ జారుతుంది, గ్రంథి అయితే చొక్కా బొత్తాంలా గట్టిగా, తాకితే నొప్పిగా తగులుతుంది. బొత్తాం తగిలినా, మొన నుంచి తడి కనిపించినా, ఒకేవైపు గడ్డ పెరిగినా డాక్టరుకి చూపించాలి. ముదరకముందే ఆపితే చాలావరకు తగ్గుతుంది. ఏళ్లు గడిస్తే సర్జరీ తప్ప దారి ఉండదు.

అంగం కుంచించుకుపోయింది, వంకర తిరిగింది అనే ఫిర్యాదులూ ఉన్నాయి. వంకరకి వేరే కారణాలు చాలా. గట్టిపడినప్పుడు మూడు వైపుల నుంచి ఫోన్‌లో ఫొటో తీసుకుని యూరాలజిస్టుకి చూపిస్తే మీకు నోటితో వంద మాటలు చెప్పే పని తప్పుతుంది. లోపల గట్టి గీతలా తగులుతుంటే అది కూడా చెప్పాలి.

ఇప్పుడు "మైండ్‌లో ఉంటుంది సార్" అనే మాట సంగతి. దానికి ఆధారం ఒకటుంది. 2007లో ఇటలీలో ప్రోస్టేట్ రోగులకి 5 ఎంజీ ఫినాస్టరైడ్ ఇచ్చారు. సగం మందికి లైంగిక దుష్ఫలితాలు రావచ్చని చెప్పారు, సగం మందికి చెప్పలేదు. చెప్పినవాళ్లలో 43.6 శాతం, చెప్పనివాళ్లలో 15.3 శాతం ఇబ్బంది వచ్చిందన్నారు. భయం తన వంతు పని చేస్తుందని దీంతో తేలింది, నిజమే. కానీ చెప్పనివాళ్లలో కూడా 15.3 శాతం ఉన్నారు కదా, వాళ్లని ఏ మైండ్ పట్టింది? ఈ పరిశోధన చూపించి రోగికి ఏమీ చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టే డాక్టరు దాన్ని సగమే చదివినట్టు.

మాత్ర ఆపాక కూడా ఇబ్బంది పోనివాళ్లున్నారు. ఎందరన్నది గట్టిగా చెప్పగల లెక్క లేదు, ఎందుకన్నది కూడా తేలలేదు. అయినా 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆపిన తర్వాతా కొనసాగిన కోరిక, స్ఖలనం, భావప్రాప్తి తేడాలని లేబుల్లో చేర్పించింది. స్తంభన సంగతి అంతకు ముందే చేరింది. 2022లో ఆత్మహత్య ఆలోచనలు కూడా చేర్చారు. 2024లో బ్రిటన్ మందు డబ్బాలో రోగి హెచ్చరిక కార్డు పెట్టమంది. 2025లో యూరప్ మందుల సంస్థ 1 ఎంజీ, 5 ఎంజీ మాత్రలు రెంటికీ ఆత్మహత్య ఆలోచన దుష్ఫలితమేనని ఖరారు చేసింది. ఇదంతా అక్కడ. కోఠిలోనో కూకట్‌పల్లిలోనో కౌంటర్ మీద చేతికొచ్చేది స్ట్రిప్ మాత్రమే. దానితో కరపత్రం వచ్చేది అరుదు. స్ట్రిప్ వెనక మందు పేరు, బ్యాచ్ నంబరు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉంటాయి, కళ్లద్దాలుంటే చదవచ్చు. షెడ్యూల్ హెచ్ అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. ఎంతమంది చీటీ అడుగుతారో మీకూ తెలుసు.

సగం మాత్ర వేసుకుంటే సగం ప్రమాదమే కదా అని చాలామంది లెక్క కడతారు. లెక్క తప్పు. 0.2 ఎంజీతో రక్తంలో డీహెచ్‌టీ 68.6 శాతం తగ్గితే, 1 ఎంజీతో 71.4, 5 ఎంజీతో 72.2. ఐదో వంతు మందు వేసినా తేడా మూడు శాతం కూడా రాదు. ఇరుకు ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లాంటిది, కొన్ని బండ్లకే నిండిపోయాక ఎన్ని వచ్చినా ఒకటే. మందు రక్తంలో సగానికి తగ్గడానికి 6 గంటలు చాలు, కానీ ఎంజైమ్‌కి అతుక్కున్న మందు అంత తొందరగా వదలదు. అందుకే ఒకరోజు మర్చిపోతే రేపు రెండు వేసుకోనక్కర్లేదు. రోజు విడిచి రోజు వేసుకున్నా పనీ అంతే, దుష్ఫలితమూ దాదాపు అంతే. మాత్ర ఆపాక డీహెచ్‌టీ మామూలు స్థాయికి రావడానికి సుమారు 14 రోజులు. మెల్లమెల్లగా తగ్గించి ఆపాల్సిన మందు కాదు, ఒక్కసారే ఆపొచ్చు.

చవక కోసం ప్రోస్టేట్ వాళ్ల 5 ఎంజీ మాత్ర కొని నాలుగు ముక్కలు చేసేవాళ్లున్నారు. ముక్కకి 1.25 ఎంజీ వస్తుంది, మందుపరంగా పెద్ద తప్పేం లేదు. తప్పు వంటింట్లో జరుగుతుంది. మాత్ర పైనున్న పూత పోయాక పొడి కత్తికి, చెక్కకి, వేళ్లకి అంటుకుంటుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు విరిగిన ఫినాస్టరైడ్ మాత్రని తాకకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. కూరగాయల కత్తితో కోసి, అదే కత్తితో టమాటా తరిగే ఇంట్లో ఈ పొదుపు వద్దు. తప్పదంటే మందుల షాపులో దొరికే పిల్ కట్టర్ కొని విడిగా పెట్టుకోండి, ముక్కలని మూతున్న డబ్బాలో వేయండి.

మొదటి మాత్రకి ముందు రెండు వారాలు ఆగడం మంచిదని మా గట్టి అభిప్రాయం. ఇరవై ఏళ్లలో పోయిన జుట్టుకి రెండు వారాలు ఎక్కువేం కాదు. ఆ పద్నాలుగు రోజులు ఒక నోట్‌బుక్‌లో పొద్దున గట్టిదనం ఉందా లేదా, కోరిక పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు అని మూడు అంకెలు వేయండి. స్తంభనకి డాక్టర్లు వాడే ఐదు ప్రశ్నల పట్టిక ఒకటుంది, పూర్తి మార్కులు 25. 22, ఆపైన వస్తే మామూలు, 17 నుంచి 21 కొద్దిపాటి ఇబ్బంది, 7, అంతకన్నా తక్కువైతే గట్టి ఇబ్బంది. మొదలుపెట్టే ముందే మీ అంకె 19 అనుకోండి, తర్వాత వచ్చిన 18ని మాత్ర మీదికి నెట్టలేం. ముందు రాసుకోకపోతే ఏది మందు, ఏది ముందునుంచీ ఉన్నదన్న గొడవ ఎప్పటికీ తేలదు. క్లినిక్కు గోడ మీద జుట్టు ఫొటోలు ముందూ తర్వాతా అని పెడతారు, ఈ లెక్క మాత్రం ఎవరూ తీయరు.

అసలు మొదలుపెట్టకూడనివాళ్లూ ఉన్నారు. డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లు, ఇప్పటికే స్తంభన ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరుతో విడిగా మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. 18 లోపు పిల్లలకి ఇది అసలు వద్దు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంట ముందు వీర్య పరీక్ష చేయించుకోవాలి. శుక్రకణాల కౌంట్ బాగున్నవాళ్లలో పెద్ద తేడా రాదు. కౌంట్ ముందే తక్కువున్న కొందరిలో మాత్రం మందు ఆపాక బాగా పెరిగిన దాఖలాలున్నాయి. శుక్రకణం తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆపిన మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించాలి, వారానికే చేయిస్తే డబ్బు దండగ.

ఇబ్బంది మొదలైతే మాత్ర ఆపి తేదీ రాసుకోండి. రెండు వారాల్లో డీహెచ్‌టీ తిరిగొస్తుంది, చాలామందికి వారాల్లో, కొద్ది నెలల్లో మామూలవుతుంది. ఆ లోపల రక్త పరీక్షలు చేయించండి: పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, లిపిడ్లు, పొద్దున 7 నుంచి 10 మధ్య తీసిన రక్తంలో మొత్తం టెస్టోస్టిరాన్. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తంలో టెస్టోస్టిరాన్ తక్కువే వస్తుంది, దాన్ని చూసి గుండెలు బాదుకోవడం దేనికి? ఇంకో తిరకాసు, జుట్టు కిట్లలో బయోటిన్ ఎక్కువ డోసులో ఉంటుంది, అది థైరాయిడ్ సహా కొన్ని హార్మోన్ పరీక్షలని తప్పుగా చూపిస్తుంది. రక్తం ఇచ్చే మూడు రోజుల ముందే ఆపేయండి. డిప్రెషన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి కాబట్టి వేసుకునే మందులన్నీ ఒక చీటీ మీద రాసి తీసుకెళ్లండి.

వెళ్లాల్సింది జుట్టు క్లినిక్కుకి కాదు, యూరాలజిస్టు దగ్గరికి. పంజాగుట్ట నిమ్స్‌లో యూరాలజీ విభాగం ఉంది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో క్యూ ఎక్కువే, అయినా ప్యాకేజీ అంటగట్టేవాళ్లుండరు. బస్టాండు గోడల మీద "మగతనానికి గ్యారంటీ" పోస్టర్లు చూసి వెళ్లొద్దు. మూలికల పొడి పేరుతో అమ్మేవాటిలో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపిన కల్తీలు చాలాసార్లు పట్టుబడ్డాయి. గుండెకి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర వాడే మనిషి తెలియక ఆ పొడి మింగితే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. డాక్టరు స్తంభన కోసం అదే కోవకి చెందిన తడలాఫిల్ రాస్తే అది వేరే సంగతి, కానీ ఫినాస్టరైడ్ కొనసాగిస్తూ దాని ఇబ్బందిని కప్పడానికి ఇంకో మాత్ర వేసుకోవడం మాకు నచ్చదు. రేపు అసలు బొమ్మ ఏంటో ఎవరికీ తెలియదు.

మనసు చీకటిగా ఉండటం, బతకాలనిపించకపోవడం మొదలైతే వారాలు లెక్కపెట్టొద్దు. మాత్ర ఆ రోజే ఆపి ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

తలకి రాసుకునే లోషన్ గురించి "ఇది ఒంట్లోకి వెళ్లదు" అంటారు. మినాక్సిడిల్ (జుట్టుకి రాసే ఇంకో మందు) 5 శాతం, ఫినాస్టరైడ్ 0.1 శాతం కలిపిన సీసాలు ఎక్కువ. 0.1 శాతం అంటే ఎం.ఎల్.కి 1 ఎంజీ. ఒక్కో ఎం.ఎల్. చొప్పున రోజుకి రెండుసార్లు రాస్తే తల మీద 2 ఎంజీ పోసినట్టు, అంటే మాత్రలో ఉన్నదానికి రెట్టింపు. అదంతా లోపలికి పోదు నిజమే. యూరప్‌లో తక్కువ మోతాదు స్ప్రేతో చేసిన పరీక్షలో రక్తంలో డీహెచ్‌టీ 34.5 శాతం తగ్గింది, అదే పరీక్షలో మాత్రతో 55.6. తగ్గిందంటే ఒంట్లోకి వెళ్లినట్టే కదా. ఇలా కలిపి తయారుచేసే లోషన్ల మీద ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరిక కూడా ఇచ్చింది. వాడితే డ్రాపర్ గీత దగ్గర ఆపండి, అరచేతిలో పోసుకోకండి. ఆరడానికి కనీసం రెండు గంటలు పడుతుంది, రాసి వెంటనే హెల్మెట్ పెట్టుకున్నా, పడుకున్నా సగం లోపలి గుడ్డకో దిండు గలీబుకో పోతుంది. ఆ దిండు మీద పిల్లలు, కడుపుతో ఉన్న భార్య తల పెడతారు. రాశాక సబ్బుతో చేతులు కడగండి. హార్మోన్ భయం వద్దనుకునేవాళ్లకి ఉత్త మినాక్సిడిల్ లోషన్ మేలు. దానికి డీహెచ్‌టీతో పని లేదు, దురద, ముఖం మీద నూగు, ఒక్కోసారి గుండె దడ దాని గొడవలు.

డ్యూటాస్టరైడ్ 0.5 ఎంజీ ఇంకా గట్టిది, డీహెచ్‌టీని 90 శాతం పైగా దించుతుంది. జుట్టు కోసం దీనికి దక్షిణ కొరియా, జపాన్‌లు అనుమతి ఇచ్చాయి, అమెరికాలో మాత్రం ప్రోస్టేట్‌కే. దీనితో అసలు చిక్కు ఆపాక తెలుస్తుంది. ఒంట్లో సగానికి తగ్గడానికే 5 వారాలు, పూర్తిగా పోవడానికి నెలలు. ఫినాస్టరైడ్‌తో ఇబ్బంది పడి "ఇది ట్రై చేయండి" అని దీనికి మార్చిన చీటీ చూస్తే ఆ క్లినిక్కు మెట్లు మళ్లీ ఎక్కకండి. రక్తదానం చేసేవాళ్లు ఫినాస్టరైడ్ ఆపి నెల, డ్యూటాస్టరైడ్ ఆపి ఆరు నెలలు ఆగాలి. 40 దాటినవాళ్లు ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్త పరీక్షకి వెళ్తే ఈ మందులు వాడుతున్నట్టు చెప్పాలి, ఎందుకంటే అంకె సగానికి పడిపోయి కనిపిస్తుంది. డాక్టరు దాన్ని రెట్టించి చూస్తారు.

ఆన్‌లైన్ కిట్లు మాకు అస్సలు నచ్చలేదు. ఏడెనిమిది ప్రశ్నలకి టిక్కులు పెడితే డబ్బా ఇంటికొస్తుంది. ఆ ప్రశ్నల్లో దిండు శుభ్రంగా ఉందా అని ఉంటుంది, పొద్దున గట్టిదనం సంగతి ఉండదు. వచ్చిన ప్రతి డబ్బా మీదా కాంపోజిషన్ చదవండి, ఫినాస్టరైడ్ పేరు లేదంటే సా పామెట్టో పేరు ఉందేమో చూడండి. మూలికే అయినా అదే ఎంజైమ్ మీద పనిచేస్తుందనే అమ్ముతారు కాబట్టి అదే జాగ్రత్త కావాలి. క్లినిక్కులో మీతో మాట్లాడుతున్నది డాక్టరా, కౌన్సెలరా అని మొహమాటం లేకుండా అడగండి. డాక్టరైతే చీటీ మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఈఎంఐ ఫారం మీద సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఆయన ఏం చేస్తారు?" జవాబుగా ప్యాకేజీ రేటు తగ్గిస్తే లేచి వచ్చేయండి.

మాత్రకి మా మార్కులు ఐదుకి మూడున్నర, లోషన్‌కి మూడు, డ్యూటాస్టరైడ్‌కి జుట్టు వరకే చూస్తే నాలుగు, మిగతాది చూస్తే రెండు. అమ్మే తీరుకి ఒకటి, అది కూడా బిల్లు ఇచ్చే షాపులకే. బిల్లు, ఖాళీ స్ట్రిప్ పారేయకండి. దుష్ఫలితం వస్తే, మందుల దుష్ఫలితాలని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ విభాగం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కి మీరే ఫిర్యాదు ఇవ్వొచ్చు, డాక్టరు ద్వారానే వెళ్లాలని లేదు. అక్కడ వాళ్లు అడిగేది మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఏమైంది అని. బ్యాచ్ నంబరు స్ట్రిప్ అంచున ఉంటుంది. షాపువాడు ఐదు మాత్రలకి కత్తిరించి ఇచ్చేటప్పుడు ఎక్కువగా పోయేది ఆ అంచే, కాబట్టి పూర్తి స్ట్రిప్పే అడగండి.